ఎమ్మెల్యేగా ఊరి మనిషే కావాలా? కామారెడ్డి తీర్పు మీద చర్చ

కామారెడ్డి ఓటరు:
"చేతికొచ్చిన ముఖ్యమంత్రిని కామారెడ్డి వాళ్లు పోగొట్టుకున్నారు" అని నిన్న ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో మా దగ్గర అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, ఆ ఎన్నికల తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి ఇద్దరూ పోటీ చేశారు. ఇద్దరినీ దాటి బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకట రమణారెడ్డి గెలిచారు. ఆయనకు 66,652 ఓట్లు, కేసీఆర్‌కు 59,911, రేవంత్‌కు 54,916. వెంకట రమణారెడ్డి కొత్త మొహమేమీ కాదు. ఉమ్మడి నిజామాబాద్ జడ్పీ చైర్మన్‌గా చేశారు. 2018లో ఇదే సీటులో ఓడిపోయారు, ఓడినా ఇక్కడే ఉన్నారు.

2022 చివర్లో మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్ బయటికొచ్చింది. ఇండస్ట్రియల్ జోన్ పేరుతో పంట భూములు పోతాయని చుట్టుపక్కల ఊళ్ల రైతులు రోడ్డెక్కారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. జనవరిలో కలెక్టరేట్ ముందు ఎంత గొడవైందో టీవీల్లో అందరూ చూశారు. చివరికి ప్లాన్ వెనక్కి తీసుకున్నారు. ఆ రోజుల్లో రైతుల పక్కన నిలబడిన మనిషికే మేం ఓటేశాం. అందుకే నా మాట: ఎమ్మెల్యే సీటు స్థానికుడికే దక్కాలి.

సిద్దిపేట వాసి:
అన్నా, ఆ రైతుల బాధ కాదనను. కానీ ముఖ్యమంత్రి మీ ఎమ్మెల్యే అయితే ఏం వస్తుందో కేసీఆర్ సీటు గజ్వేల్ వచ్చి చూడండి. ప్రత్యేకంగా అభివృద్ధి అథారిటీ పెట్టారు, రింగ్ రోడ్డు వేశారు, ఎడ్యుకేషన్ హబ్ కట్టారు. ఇప్పుడు రేవంత్ సీటు కొడంగల్‌కూ అథారిటీ వచ్చింది, ఎత్తిపోతల పథకం మంజూరైంది. ప్రతిపక్ష ఎమ్మెల్యే ఎంత మంచివాడైనా ఫైలు పట్టుకుని సెక్రటేరియట్ చుట్టూ తిరగాల్సిందే. ఇంకో సంగతి, కేసీఆర్ మీకు పూర్తిగా పరాయివారా? వాళ్లమ్మగారి ఊరు మీ నియోజకవర్గంలోని కోనాపూరే కదా.

లెక్కల మాస్టారు:
"కామారెడ్డి తీర్పు" అనే ముందు ఒకసారి కూడి చూడండి. ముగ్గురికీ కలిపి 1,81,479 ఓట్లు. అందులో గెలిచినాయనకు వచ్చింది సుమారు 37 శాతం. మిగతా 1,14,827 మంది ఓటేసింది బయటి నుంచి వచ్చిన ఇద్దరు పెద్ద నాయకులకే. త్రిముఖ పోటీలో ఓటు చీలింది. స్థానికుడే కావాలని ఊరంతా కోరుకుందని ఈ లెక్కతో చెప్పలేం.

పాలమూరు రైతుబిడ్డ:
మా కల్వకుర్తిని మర్చిపోవద్దు. 1989లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండి హిందూపురంతో పాటు కల్వకుర్తిలోనూ నిలబడ్డారు. కాంగ్రెస్ నాయకుడు చిత్తరంజన్ దాస్ ఆయన్ని ఓడించారు. ఎంత పేరున్నా, దగ్గరున్న మనిషిని దాటడం సులభం కాదు.

కాకినాడ జిల్లా నుంచి:
అలాగైతే మా పిఠాపురం సంగతేంటండీ? పవన్ కల్యాణ్ గారు మా ఊరివారు కాదు. 2019లో గాజువాక, భీమవరం రెండు చోట్లా ఓడిపోయారు. 2024లో ఒక్క పిఠాపురం మీదే నిలబడితే 70,279 మెజారిటీ ఇచ్చాం. మా స్థానిక నేత వర్మ గారు సీటు వదులుకుని పనిచేశారు, అదీ కలిసొచ్చింది. నా దృష్టిలో పుట్టిన ఊరు ముఖ్యం కాదండీ. మాకు తెలిసిందల్లా ఆయన ఈ ఒక్క సీటునే నమ్ముకున్నారని.

కామారెడ్డి ఓటరు:
మాస్టారూ, మీ లెక్క సరైనదే. కానీ అదే లెక్క ఇంకోటి కూడా చెబుతోంది. ముఖ్యమంత్రి స్థాయి మనిషి వచ్చి నిలబడితే ప్రతి ముగ్గురిలో ఒక్కరు మాత్రమే ఆయన్ని ఎంచుకున్నారు. అది చిన్న విషయమా?

సిద్దిపేట తమ్ముడూ, కోనాపూర్ బంధుత్వం నిజమే, అది మాకు గౌరవమే. కానీ మాస్టర్ ప్లాన్ గొడవప్పుడు ఆ బంధుత్వం మా రైతులకు అక్కరకు రాలేదు. ఇక కొడంగల్ సంగతి. 2024లో అక్కడి లగచర్లలో ఏమైంది? ఫార్మా కంపెనీల కోసం భూములు ఇచ్చేది లేదని రైతులు తిరగబడ్డారు, అధికారుల మీద దాడి జరిగింది, రైతులు జైలుకెళ్లారు, ఆ తర్వాత ఫార్మా నోటిఫికేషన్ రద్దు చేశారు. సాక్షాత్తూ ముఖ్యమంత్రి నియోజకవర్గం అది. నిధులు వచ్చినంత మాత్రాన భూమి భయం పోదు. ఆ భయాన్ని పోయి చెప్పుకోవడానికి మనిషి దొరకాలి.

కాకినాడ నుంచి రాసినవారి మాట మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. అసలు గొడవ రెండు సీట్ల దగ్గరే ఉంది. మా దగ్గరికొచ్చిన ఇద్దరికీ వేరే సీటు ఉంది: ఒకరికి గజ్వేల్, ఇంకొకరికి కొడంగల్. ఇద్దరూ అక్కడ గెలిచారు. మేం గెలిపించినా మమ్మల్నే ఉంచుకుంటారని ఎవరు హామీ ఇస్తారు?

వకీలు:
చట్టం ఏం చెబుతుందో రాస్తాను. అసెంబ్లీకి పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలి, రాష్ట్రంలో ఎక్కడైనా ఓటరై ఉంటే చాలు. అదే నియోజకవర్గంలో ఓటు ఉండాలన్న నియమం లేదు, అలాంటి నియమం పెట్టకూడదు కూడా. పెడితే చదువుకో పనికో వలస పోయినవాడు తిరిగొచ్చి పోటీ చేసే దారి మూసుకుపోతుంది. రెండు సీట్ల సంగతి వేరు. 1985లో ఎన్టీఆర్ గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడూ గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. మిగతా రెండు చోట్లా ఉప ఎన్నికలు వచ్చాయి. 1996 సవరణతో గరిష్ఠంగా రెండు సీట్లే అన్నారు. ఒక్కదానికే పరిమితం చేయాలని ఎన్నికల సంఘం 2004లోనే ప్రతిపాదించింది. 2023లో సుప్రీంకోర్టు దీన్ని పార్లమెంటే తేల్చుకోవాలంది.

కామారెడ్డి ఓటరు:
అయితే నా డిమాండ్ మార్చి రాస్తున్నాను. స్థానికుడే ఉండాలని చట్టం అక్కర్లేదు, ఆ పని ఓటరు చూసుకుంటాడు. ఒకరికి ఒకే సీటు అని మాత్రం చట్టం రావాలి. అప్పటిదాకా, రెండు చోట్ల గెలిచి ఒకటి వదిలేసిన నాయకుడి నుంచే ఉప ఎన్నిక ఖర్చు వసూలు చేయాలి. దీన్ని కాదనేవాళ్లు ఎందుకో ఇక్కడే చెప్పండి.