«ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను»: ఏ ఠావులు?

నీలిసిరా: ఏనుగు ఊపిరి గురించి చదువుతుంటే గజేంద్రమోక్షం పద్యం నోట్లో ఆడుతోంది. «లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్» దాకా బాగానే వచ్చింది. తరవాత «తావుల్ దప్పెను»నా, «ఠావుల్»నా? ఇంకో సందేహం కూడా ఉంది. ఈ ప్రాణంబులు ఊపిరేనా? అయితే బహువచనం ఎందుకు?

శార్దూలం: ఠావులే. ఇది శార్దూల వృత్తం, పాదం మొదటి అక్షరానికి పదమూడోది యతి కుదరాలి. పదమూడో అక్షరం చూడండి: «ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్». ఠా, డ యతి. «తా» అంటే డకారంతో పొసగదు.

పాతనిఘంటువు: బహువచనం పంచప్రాణాల వల్ల. ప్రాణం హృదయంలో, అపానం గుదంలో, సమానం నాభిలో, ఉదానం కంఠంలో, వ్యానం ఒళ్లంతా. ఠావులంటే ఆ చోట్లే. «దప్పెను» ఏకవచనంలా కనిపించినా కంగారు పడొద్దు, అమహత్తులకు, అంటే మనుషులు కాని వాటికి, బహువచనంలోనూ అదే రూపం.

గాలిగది: నేను జీవశాస్త్రం చెప్తాను, అందుకే ఆగలేకపోతున్నాను. మన ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య పలచటి ద్రవం ఉన్న సందు ఉంటుంది. ఏనుగుకు ఆ సందు లేదు, ఊపిరితిత్తి మెత్తటి కణజాలంతో గోడకు అతుక్కుని ఉంటుంది. తొండం పైకెత్తి లోతు నీళ్లలో ఈదేటప్పుడు ఒంటి మీద నీటి ఒత్తిడి, లోపల మామూలు గాలి ఒత్తిడి. ఆ తేడాకు సున్నితమైన రక్తనాళాలు చిట్లకుండా ఈ ఏర్పాటు వచ్చిందని శరీరధర్మ శాస్త్రవేత్త జాన్ వెస్ట్ వాదన. ఊపిరితిత్తులు ఠావు తప్పే అవకాశం అందరికన్నా తక్కువ ఉన్న జంతువు చేత పోతన ఈ మాట అనిపించాడు!

శార్దూలం: బాగుంది, కానీ అది పోతన ఉద్దేశం కాదు కదండీ. తొండం నీళ్లపైన ఉన్నంతసేపూ ఏనుగుకు గాలి అందుతూనే ఉంటుంది. ఇక్కడ ఊపిరాడకపోవడం లేదు, అలసట ఉంది. మొదటి మాటే «లావొక్కింతయు లేదు», లావు అంటే బలం.

గాలిగది: కండ అలసటకీ ఊపిరికీ అంత దూరం లేదు. మనిషి ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ చిన్న గాలిగదులు (ఆల్వియోలై), పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. ఆ పలచటి గోడ దాటి ఆక్సిజన్ రక్తంలోకి, కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతాయి. లోపలికి వెళ్లే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, బయటికొచ్చేదాంట్లో దాదాపు 16. కండ అడిగినంత అందకపోతే లావు పోతుంది. మెదడుకు అందకపోతే తెలివి తప్పుతుంది, పోతన కూడా వెంటనే «మూర్ఛ వచ్చె» అన్నాడు. నన్నడిగితే ఒళ్లంతా తిరిగే వ్యానం అంటే రక్తంలో కలిసిన ఈ ఆక్సిజనే.

పాతనిఘంటువు: వ్యానాన్ని ఆక్సిజన్ చేస్తే మిగతా నాలుగింటికీ ఏదో ఒక వాయువు వెతకాలి. అటు వెళ్లకండి.

తెల్లకాగితం: ఆ పద్యం సరే, దానికి ముందు పోరు మాటేమిటి? «కరిఁ దిగుచు మకరి సరసికిఁ, గరి దరికిని మకరిఁ దిగుచుఁ గరకరి బెరయన్». కరి, మకరి అటూ ఇటూ లాక్కోవడం అక్షరాల్లోనే వినిపిస్తుంది. ఈ కందం ముందు ఏ శార్దూలమైనా నిలుస్తుందా?

గాలిగది: ఆ మకరిదే గట్టి ఊపిరి! ఏనుగుకు, మనకు గాలి వెళ్లిన దారినే వెనక్కి వస్తుంది. మనం మామూలుగా పీల్చే అర లీటరులో 150 మిల్లీలీటర్ల దాకా గాలిగదులకు చేరకుండా గొట్టాల్లోనే ఉండిపోతుంది. పక్షుల్లో ఊపిరితిత్తి సాగదు, ముడవదు. పక్కనుండే గాలితిత్తులే కొలిమి తిత్తుల్లా పనిచేస్తాయి. మొదటి ఉచ్ఛ్వాసంలో గాలి ఎక్కువగా వెనక తిత్తుల్లోకి, నిశ్వాసంలో ఊపిరితిత్తిలోకి, రెండో ఉచ్ఛ్వాసంలో ముందు తిత్తుల్లోకి, రెండో నిశ్వాసంలో బయటికి. ఊపిరితిత్తిలోని సన్నటి గొట్టాల్లో గాలి ఒకే దిక్కుకు పారుతుంది. మొసళ్ల దగ్గరి చుట్టాలైన అలిగేటర్లలోనూ గాలి ఒకే దిక్కుకు పోతుందని 2010లో చూపించారు.

తెల్లకాగితం: అయితే «ఊపిరితిత్తి» అన్న మాట పక్షికే అచ్చంగా సరిపోతుంది, కాకపోతే ఊపిరితిత్తికి కాదు, గాలితిత్తికి! పక్షి ఊపిరితిత్తి అసలు తిత్తే కాదు.

పాతనిఘంటువు: పేరు పెట్టినవాళ్లు సాగి ముడిచే అవయవాన్ని చూసి పెట్టారు, మనిషికి తప్పు లేదు. ప్రాణాన్ని «హంస» అన్నవాళ్ల చూపు ఇంకా గొప్పది. రోజుకు 21,600 శ్వాసలు అని హంస లెక్క, నిమిషానికి 15. పెద్దవాళ్లకు 12 నుంచి 20 అని డాక్టర్లు చెప్పేదాంట్లోనే పడుతుంది.

గాలిగది: హంస అంటే గుర్తొచ్చింది. బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతు హంసకు చుట్టమే, హిమాలయాల మీద 7,000 మీటర్లు దాటి ఎగిరిన రికార్డు ఉంది. అక్కడి పలచటి గాలిలో ఆ ఒకే దిక్కు ప్రవాహం చాలా అక్కరకొస్తుంది.

నీలిసిరా: అన్నీ బాగున్నాయి, నా ప్రాణంబులు మాత్రం తేలలేదు. ఊపిరా, పంచప్రాణాలా?

శార్దూలం: «లున్» చూడండి. «ప్రాణంబులున్», «తనువున్». రెండు చోట్లా సముచ్చయం, అంటే «కూడా» అని కలపడం. ప్రాణాలూ పోతున్నాయి, ఒళ్లూ డస్సింది అని జంట కట్టాడు. ఒంటిని విడిగా లెక్కపెట్టాక ప్రాణంబులు ఒంట్లోని గాలి కావు.

పాతనిఘంటువు: మొదటి «ఉన్» గణం కోసం కూడా పడి ఉండొచ్చు. పాదం చివర గురువు కావాలి కదా. దాని మీద అంత బరువు పెట్టకండి.

శార్దూలం: రెండో «ఉన్» కూడా గణం కోసమేనా? «తనువు డస్సె» అన్నా గణం ఎలాగోలా సర్దగలిగినవాడే పోతన. సర్ది చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.