పీడనం చదరంగం గడుల్లా వస్తోంది, జీఎంరెస్ (విడతలవారీగా జవాబు దగ్గరికి చేరే సాల్వర్) దిగడం లేదు. సాల్వర్ మార్చాలా?

పెన్నాఒడ్డు:
మాది నెల్లూరు. ఎం.టెక్ ప్రాజెక్టుకి సంగం బ్యారేజీ పియర్ (నీళ్లలో నిలబడే స్తంభం) చుట్టూ నీళ్లు ఎలా పోతాయో ఫైనైట్ ఎలిమెంట్‌తో (ప్రాంతాన్ని చిన్న ముక్కల మెష్‌గా కోసి లెక్కించే పద్ధతి) చూద్దామని మొదలుపెట్టాను. ఇప్పటికైతే 2డి, స్టెడీ ఫ్లో, గుండ్రటి పియర్, రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో జడత్వానికీ జిగటకీ నిష్పత్తి) 20. వేగానికీ పీడనానికీ లీనియర్ త్రిభుజాలే. వేగం బాగానే ఉంది గానీ పీడనం ఒక నోడ్‌లో ఎక్కువ, పక్క నోడ్‌లో తక్కువ, అంతా గళ్లగళ్లుగా వస్తోంది. ఐఎల్‌యూ ప్రీకండిషనర్ (సమీకరణాలను సాల్వర్‌కి తేలిక చేసేది) పెట్టి జీఎంరెస్ నడిపితే 3000 ఇటరేషన్లయినా రెసిడ్యువల్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడా) దిగడం లేదు, మెష్ సన్నం చేస్తే ఇంకా ఘోరం. వచ్చే వారమే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

గుండ్లకమ్మ:
సాల్వర్ జోలికి ఇప్పుడే పోవద్దు తమ్ముడూ, ముందు ఎలిమెంట్ మార్చు. ఇక్కడ పీడనం చేసే పనల్లా డైవర్జెన్స్ సున్నా అయ్యేలా, అంటే ఎక్కడా నీళ్లు పుట్టకుండా, మాయం కాకుండా, వేగాన్ని పట్టి ఉంచడం. రెండింటికీ ఒకే లీనియర్ ఇస్తే కొన్ని పీడన రూపాలు వేగానికి అసలు తగలవు, సమీకరణాల్లో వాటిని ఆపేవాళ్లే లేరు, నీకు కనపడే గళ్లు అవే. లాడిజెన్స్‌కాయా, బబూష్కా, బ్రెజ్జీ పేర్లతో చెప్పే ఇన్ఫ్-సప్ షరతు ఇదే. వేగానికి క్వాడ్రాటిక్, పీడనానికి లీనియర్ పెట్టు, అంటే టేలర్-హుడ్. మెమరీ చాలకపోతే లీనియర్ వేగానికి బబుల్ (త్రిభుజం లోపల మాత్రమే ఉండే అదనపు ఫంక్షన్) కలిపే మినీ ఎలిమెంట్ ఉంది, 1984 నాటిది. గళ్లను స్మూతింగ్‌తో చెరిపి రిపోర్టులో మాత్రం పెట్టొద్దు, దయచేసి.

కావలి_కోడర్:
పై మాట నిజమే, కానీ ఎలిమెంట్ మార్చినా ఐఎల్‌యూ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే టేలర్-హుడ్‌లో పీడనం బ్లాకు డయాగనల్ అంతా సున్నాలే. మ్యాట్రిక్స్‌ని వేగం, పీడనం బ్లాకులుగా విడగొట్టండి. వేగం బ్లాకుకి మల్టీగ్రిడ్ (ముతక, సన్న మెష్‌లు కలిపి వాడే పద్ధతి), పీడనానికి మాస్ మ్యాట్రిక్స్‌ని (పీడనం ఫంక్షన్ల లబ్ధాల ఇంటిగ్రల్స్‌తో కట్టేది) విస్కాసిటీతో భాగించి వాడండి. స్టోక్స్‌కైతే (కన్వెక్షన్ లేని నెమ్మది ప్రవాహం) దీంతో మెష్ ఎంత సన్నం చేసినా మిన్‌రెస్ (సిమెట్రిక్ మ్యాట్రిక్స్‌లకి వాడే సాల్వర్) ఇటరేషన్లు దాదాపు పెరగవు. మీకు కన్వెక్షన్ (ప్రవాహం తన వేగాన్ని తానే మోసుకెళ్లడం) ఉంది కాబట్టి మ్యాట్రిక్స్ సిమెట్రీ పోతుంది, జీఎంరెస్సే ఉంచండి, రెనాల్డ్స్ సంఖ్య 20 దగ్గర ఇది సరిపోతుంది.

బ్యారేజీకి వెళ్లేముందు షేఫర్-టురెక్ 1996 సిలిండర్ పరీక్ష చేయండి: 2.2 పొడవు, 0.41 ఎత్తు ఛానెల్, 0.1 వ్యాసం. డ్రాగ్ కోఎఫిషియంట్ (ప్రవాహం సిలిండర్‌ని నెట్టే బలానికి కొలత) 5.58 దగ్గర రావాలి. ఇంకొకటి, సెకనుకు 1 మీటరు వేగం, 2 మీటర్ల పియర్ అనుకున్నా అసలు నదిలో రెనాల్డ్స్ సంఖ్య 20 లక్షలవుతుంది, దానికి టర్బులెన్స్ మోడల్ కావాలి. రివ్యూలో మీరే ముందు ఆ మాట చెప్పేయండి.

పెన్నాఒడ్డు:
రాత్రి టేలర్-హుడ్ పెట్టి ఆ పరీక్షే నడిపాను అన్నా. గళ్లు పూర్తిగా పోయాయి! బ్లాకులతో 40 ఇటరేషన్ల లోపే దిగింది. డ్రాగ్ 5.4 వస్తోంది, సిలిండర్ చుట్టూ మెష్ ఇంకా ముతగ్గా ఉంది, సన్నం చేసి మళ్లీ పెడతాను.