హైదరాబాద్–దుబాయ్: పోయేటప్పుడు 2 గంటల 20 నిమిషాలు, వచ్చేటప్పుడు 5 గంటల 10 నిమిషాలా?

హన్మకొండ_చౌరస్తా:
అమ్మానాన్న విజిట్ వీసా మీద దుబాయ్‌ల ఉన్న మా అన్న దగ్గరికి పోతున్నరు. విమానం ఎక్కుడు ఇదే మొదటిసారి. టికెట్ మీద 15వ తారీఖు తెల్లారి 4:00కు శంషాబాద్‌ల ఎక్కుడు, 6:20కి దుబాయ్‌ల దిగుడు అని ఉంది. వచ్చేటప్పుడు అక్కడ రాత్రి 10:00కు ఎక్కితే ఇక్కడ 3:10కి దిగుడు. దూరం ఒక్కటే కదా, ఇంత తేడా ఎందుకు? ఇంటి నుంచి ఎన్నింటికి కదలాలె?

కాజీపేట_లోకో:
టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తరు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక. వాళ్ల 6:20 అంటే మనకు 7:50, కాబట్టి పోయేటప్పుడు ప్రయాణం 3 గంటల 50 నిమిషాలు. వాళ్ల రాత్రి 10:00 అంటే మనకు 11:30. 3:10కి దిగితే 3 గంటల 40 నిమిషాలు.

నేరుగా కొలిస్తే దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. గంటకు 850 చొప్పున మూడు గంటలే కావాలె. కానీ టికెట్ల లెక్క గేటు నుంచి గేటు వరకు. విమానం రన్‌వే దాకా నేల మీద పోవుడు, పైకి ఎక్కుడు, దిగేముందు వేగం తగ్గించుడు, అన్నీ అందులనే. మిగిలిన తేడా గాలిది. చలికాలంల ఈ దారిల పైన గాలి పడమర నుంచి తూర్పుకు గట్టిగ వీస్తది. పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు.

ఓరుగల్లు_ట్రావెల్:
టైం కంటే తారీఖు దగ్గర ఎక్కువమంది దెబ్బతింటరు. 15 తెల్లారి 4:00 అంటే 14 రాత్రే ఇల్లు కదలాలె. 15 రాత్రి అనుకొని కూసుంటే విమానం పోయినట్టే.

వెనుక నుంచి లెక్క కట్టండి. అంతర్జాతీయ విమానాలకు చాలావరకు గంట ముందు చెక్-ఇన్ కౌంటర్ (పెట్టెలు తీసుకొని బోర్డింగ్ పాస్ ఇచ్చేది) మూస్తరు, అంటే 3:00కు. పాస్‌పోర్టు, వీసా చూసే ఇమిగ్రేషన్ లైన్ వేరే ఉంటది కనుక 1:00 వరకు ఎయిర్‌పోర్ట్‌ల ఉండాలె. హన్మకొండ నుంచి కారుల మూడు, మూడున్నర గంటలు. రాత్రి 9:00కు బయలుదేరితే టైరు పంచరైనా భయం లేదు. ఘట్‌కేసర్ దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట వైపు తిరగండి, ఉప్పల్ ట్రాఫిక్ తగలదు. కాజీపేట నుంచి రైలు ఎయిర్‌పోర్ట్ దాకా పోదు. పెద్ద మనుషులు, పెట్టెలతోని మళ్ల బస్సు మారుడు వద్దు.

హన్మకొండ_చౌరస్తా:
మస్తు థ్యాంక్స్ అన్నా. అమ్మ పచ్చళ్లు, మసాలా సామాన్లు కడుతున్నది. ఏమన్న ఇబ్బందా?

జగిత్యాల_గల్ఫ్:
గసగసాలు ఒక్క చెంచా కూడా పెట్టొద్దు. యూఏఈల (దుబాయ్ ఉన్న దేశం) వాటిని మత్తు పదార్థం కింద లెక్కిస్తరు, దొరికితే కేసే. ఇంట్ల నూరిన మసాలాపొడిల కలిసి ఉన్నయేమో అమ్మను అడగండి, అక్కడే మర్చిపోతరు. పచ్చళ్లు గట్టిగ సీలు చేసి పెద్ద పెట్టెల పెట్టాలె, చేతి సంచిల పెడితే తీసేస్తరు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలనే ఉండాలె.

నాన్న నొప్పికో దగ్గుకో ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులు వాడుతుంటే డాక్టర్ చీటీ ఒక్కటే సరిపోదు, యూఏఈ ప్రభుత్వ అనుమతి ముందే ఆన్‌లైన్‌ల తీసుకోవాలె. బీపీ, షుగర్ గోళీలైతే డాక్టర్ చీటీతోని, అసలు ప్యాకింగ్‌ల ఉంచి చేతి సంచిల వేయండి.