ఏడడుగుల జాగాలో రైలు చుట్టూ తిరగాలా, అటూ ఇటూ నడవాలా?

మియాపూర్ లోకో
అందరికీ నమస్కారం. మోడల్ రైలు లేఅవుట్ కట్టుకోవడానికి మా అద్దె ఫ్లాట్‌లో రెండో బెడ్‌రూమ్ నాకు దక్కింది, అదీ పూర్తిగా కాదు. ఆఫీసు టేబులు, బీరువా, అమ్మ వచ్చినప్పుడు పడుకునే దివాన్ పోగా కిటికీ గోడ వెంట 7 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు మిగిలింది. అంటే 213 సెంటీమీటర్లు, 61 సెంటీమీటర్లు. కొని దాచుకున్న హెచ్‌ఓ (అసలు బండిలో 87వ వంతు సైజు) సరుకు ఇది: ఒక డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను, మూడు ఐసీఎఫ్ ప్యాసింజర్ కోచ్‌లు, బొగ్గు మోసే ఆరు బాక్స్‌ఎన్ వ్యాగన్లు. మా పాపకి ఆరేళ్లు, తనకీ ఇందులో వాటా ఉంది.

ఒక స్నేహితుడు రైలు ఆగకుండా తిరిగే లూపు లేకపోతే అది లేఅవుటే కాదంటాడు. ఇంకొకతను ఇంత చిన్న జాగాలో లూపు పెడితే బొమ్మ రైలు అయిపోతుంది, వ్యాగన్లు విడదీసి వరుస మార్చే షంటింగ్ యార్డే కట్టమంటాడు. మీరేమంటారు?

శేరిలింగంపల్లి సాయి
లూపే అన్నా. దినమంతా ఆఫీసుల మీటింగులు, ఇంటికొచ్చినంక మళ్ల వ్యాగన్లు ఇటు తియ్, అటు పెట్టు అనుకుంట ఇంకో డ్యూటీ ఎవరు చేస్తరు? స్విచ్ వెయ్యాలె, చాయ్ తాగుకుంట రైలును చూడాలె. పాప గూడ అదే అడుగుతది, రాసి పెట్టుకో.

హెచ్‌ఓల 61 సెంటీమీటర్ల వెడల్పుకు లూపు రాదు, నిజమే. మామూలుగ వాడే చిన్న వంపుల్ల ఒకటి 46 సెంటీమీటర్ల రేడియస్, దానికే చెక్క మీటరు వెడల్పు ఉండాలె. అందుకే ఇంకా చిన్నదైన ఎన్ స్కేల్‌కు మారు. 25 సెంటీమీటర్ల రేడియస్ నీ చెక్క మీద మంచిగ సరిపోతది. లెక్క గూడ కట్టిన: చుట్టు మొత్తం సుమారు 4.6 మీటర్లు. 1:160ల గంటకు 60 కిలోమీటర్ల స్పీడుతోని నడిపిస్తే ఒక చుట్టుకు 44 సెకన్లు పడతది. గిర్రున తిరిగే బొమ్మ అని ఎవరంటరు దాన్ని?

యార్డ్ మాస్టారు (బెజవాడ)
సాయి బాబూ, 44 సెకన్ల లెక్క బాగుంది. కానీ కోచ్ పొడవు సంగతి వదిలేశావు. వంపు రేడియస్ అన్నిటికంటే పొడవైన బండికి కనీసం మూడు రెట్లు ఉండాలన్నది ఈ హాబీలో పాత మోటు లెక్క. చూడ్డానికి బాగుండాలంటే ఇంకా ఎక్కువ. ఐసీఎఫ్ కోచ్ అసలు పొడవు 21.3 మీటర్లు. ఎన్‌లో అది 13 సెంటీమీటర్లు దాటుతుంది, అంటే 40 రేడియస్ కావాలి. నువ్వు ఇస్తున్నది 25. బండి పట్టాల మీద నిలబడుతుందేమో గానీ వంపులో కోచ్‌ల మూలలు బయటికి పొడుచుకొస్తాయి. హెచ్‌ఓలో ఐసీఎఫ్ 24.5 సెంటీమీటర్లు, కొత్త రకం ఎల్‌హెచ్‌బీ కోచ్ అయితే 27. ఎల్‌హెచ్‌బీకి మూడు రెట్లంటే 81. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు మొత్తం పరిచినా ఆ గుండ్రం పట్టదు.

మియాపూర్ బాబూ, చెక్క ఎంత ఉందని కాదు, రైలు ఎంత పొడవని ముందు అడగాలి. ఇంగ్లండ్‌లో అలన్ రైట్ అనే ఆయన కట్టిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ చూడు. మూడు లైన్లు, రెండు పాయింట్లు (లైను చీలే చోట్లు), అంతే. ఒక లైన్లో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింట్లో మూడేసి. ఇంజను వైపు ముక్కలో ఇంజనూ మూడు వ్యాగన్లూ పడతాయి. ఎనిమిది వ్యాగన్లలోంచి చీటీ తీసి, పడిన వరుసలోనే ఐదింటిని కలిపి రైలు కట్టాలి. అలా 6720 వరుసలు వస్తాయి. నీ బాక్స్‌ఎన్ 12.3 సెంటీమీటర్లు, కప్లింగ్‌తో 13 అనుకో. చిన్న పాయింట్లతో మొత్తం 180లో ముగుస్తుంది.

శేరిలింగంపల్లి సాయి
మాస్టారు, 6720 వరుసలు కాగితం మీద మంచిగనే ఉంటయ్. ఆరేళ్ల పిల్లకు మూడో వరుసకే ఆవలింతలొస్తయ్. వంపు బాగలేకుంటే దాని మీద కొండ పెట్టు, ముంగట రెండు బిల్డింగులు నిలబెట్టు. కనిపించేది తిన్నటి లైనే కదా.

ఎడిసన్ బాలాజీ
న్యూజెర్సీ నుంచి. మీరిద్దరూ చెక్క చుట్టూనే తిరుగుతున్నారు. గదికి నాలుగు గోడలున్నాయి కదా! 20 సెంటీమీటర్ల వెడల్పు షెల్ఫ్ భుజం ఎత్తున గోడల వెంట వేస్తే మూలల్లో 75 సెంటీమీటర్ల రేడియస్ హాయిగా వస్తుంది, ఐసీఎఫ్‌లకి మాస్టారి మూడు రెట్లూ దక్కుతాయి. గుమ్మం దగ్గర ఎత్తి పక్కన పెట్టే పలక ఒకటి చాలు. రైలు తిరుగుతుంది, ఒక గోడ మీద స్టేషన్ ఉంటుంది, షంటింగూ ఉంటుంది. మా బేస్‌మెంట్‌లో ఇలాగే చేశాను.

మియాపూర్ లోకో
బాలాజీ అన్నా, బేస్‌మెంట్ ఉన్నవాళ్ల మాటలు వింటే కడుపు మండుతుంది (సరదాకే). ఓనరు గారు క్యాలెండర్‌కి కూడా మేకు కొట్టనివ్వరు. స్లాటెడ్ యాంగిల్ స్టాండు ఒక గోడకి ఆనించగలనేమో గానీ నాలుగు గోడలూ కుదరదు. పైగా గుమ్మంలో పలక ఎత్తి అమ్మ లోపలికి రావాలంటే జరిగే పని కాదు.

వాల్తేరు వాణి
మాస్టారూ, కోప్పడకండి. ఇంగిల్‌నుక్ మంచి ఆటే, కాదనను. కానీ మన బాక్స్‌ఎన్‌లతో ఆ ఆట ఆడితే నాకు నవ్వొస్తుంది. ఆ వ్యాగన్లు ఎప్పుడైనా ఒక్కొక్కటిగా విడదీసి వరుస మార్చారా? 58 వ్యాగన్ల రేకు, అంటే మొత్తం బండి, గని దగ్గర నిండి నేరుగా పవర్ ప్లాంటుకి పోతుంది, ఖాళీగా తిరిగొస్తుంది. విడి వ్యాగన్ల బుకింగ్ పోయి మొత్తం బండిగానే నడిచే బ్లాక్ రేకులు వచ్చాక, వ్యాగన్లు వేరుచేసి రైళ్లు కట్టే మార్షలింగ్ యార్డులే మూతపడ్డాయి, అది మీకు నాకంటే బాగా తెలుసు. 58 బాక్స్‌ఎన్‌లు హెచ్‌ఓలో ఏడు మీటర్లు దాటుతాయి. ఆరు పెట్టి గూడ్స్ అనడం కంటే గూడ్స్ మానేయడమే మేలు.

నా సలహా వేరు. నారో గేజ్ (పట్టాల మధ్య దూరం తక్కువ ఉండే లైను) కట్టండి. మా శ్రీకాకుళం వైపు నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం దాకా 762 మిల్లీమీటర్ల లైను ఉండేది. పర్లాకిమిడి రాజావారు వేయించింది, 1900లో మొదలైంది, గుణుపురం దాకా 1931లో వెళ్లింది. 2004లో నారో గేజ్ బళ్లు ఆపేసి తర్వాత బ్రాడ్ గేజ్ చేశారు. 762ని 87తో భాగిస్తే 8.76 మిల్లీమీటర్లు. అంటే ఎన్ స్కేల్ 9 మిల్లీమీటర్ల పట్టాలే దానికి దాదాపు సరిపోతాయి, ఎన్ ఇంజను చాసీ మీద హెచ్‌ఓ సైజు బాడీ కూర్చోబెట్టవచ్చు. చిన్న బళ్లు కాబట్టి 23 సెంటీమీటర్ల రేడియస్‌లో కూడా తిరుగుతాయి. సాయికి లూపు దొరుకుతుంది, అదీ కొండ వెనక దాచక్కర్లేకుండా. నౌపడా ఉప్పుమళ్లు ముందు వైపు పెడితే సీనరీ పని సగం తగ్గుతుంది, మళ్లంటే చదునే కదా.

కాజీపేట కుర్రాడు
అక్కా, ఐడియా సూపర్. కానీ ఆ బాడీలు రెడీమేడ్‌గా యాడ దొరుకుతయ్? అన్నీ త్రీడీ ప్రింటో, చేత్తో కోసుకునుడో. ఆయన ఇంజను, కోచ్‌లు ఆల్రెడీ కొన్నడు. అవన్నీ అటక మీదికేనా? ఇంకోటి, హెచ్‌ఓ 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద మన బ్రాడ్ గేజ్ బళ్లు నడపడం కరెక్టేనా? బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 19.3 రావాలె.

మోడరేటర్
గేజ్ గొడవకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడ రెండేళ్లుగా తెగడం లేదు. ఇక్కడ ఎత్తవద్దు. ఎక్కడ కొనాలన్నది కూడా అమ్మకాల విభాగంలో.

యార్డ్ మాస్టారు (బెజవాడ)
వాణమ్మా, కోపమెందుకు, నువ్వన్నది నిజం. బాక్స్‌ఎన్‌తో ఇంగిల్‌నుక్ కాలానికి పొసగదు. అది ఆడాలంటే బండి కాలాన్ని వెనక్కి తీసుకెళ్లాలి: వాక్యూమ్ బ్రేకులు, నాలుగు చక్రాల మూత వ్యాగన్లు, గూడ్స్ షెడ్డులో సిమెంటు, ఎరువులు, పక్క లైన్లో ధాన్యం. అప్పుడు ఒక్కో వ్యాగన్‌కీ చిరునామా ఉండేది, వరుస మార్చడం నిజంగానే మా పని. డబ్ల్యూడీఎం-2 ఆ కాలానికీ చెల్లుతుంది.

అలాగని బ్లాక్ రేకుల కాలంలో షంటింగ్ చచ్చిపోయిందనకు. రేకు నడుస్తుండగా ఒక వ్యాగన్ ఇరుసు వేడెక్కితే దాన్ని విడదీసి, పాడైన వ్యాగన్లు నిలిపే సిక్ లైన్లో పెట్టాలి, బాగయ్యాక తీయాలి. ఒక్క బాక్స్‌ఎన్ సిక్ లైన్లో నిలబడితే అబద్ధం కాదు. ఆరు వరుస మార్చుకుంటే అబద్ధం.

సాయి బాబుకి ఇంకో మాట. షంటింగ్ అంటే ఆఫీసు డ్యూటీలా అనిపిస్తోంది నీకు. నాకు లూపు మీద తిరిగే రైలు గానుగెద్దులా అనిపిస్తుంది. ఎక్కడికీ పోదు. చిన్న జాగాలో రైలు ఎక్కడి నుంచో వచ్చిందనీ ఎక్కడికో పోతుందనీ నమ్మించడమే అసలు పని. దానికి టెర్మినస్ స్టేషన్ కావాలి. రేపల్లె, మచిలీపట్నం, నరసాపురం, సాలూరు అన్నీ లైను ఆగిపోయే స్టేషన్లే. బండి రావాలి, ఇంజను విడిపించాలి, పక్క లైన్లోంచి అవతలి కొసకి తిప్పాలి, తగిలించి పంపాలి.

మియాపూర్ లోకో
మాస్టారూ, ఇది నచ్చింది. నా మూడు కోచ్‌లతో ఆ ఇంజను తిప్పడం 213లో పడుతుందా?

యార్డ్ మాస్టారు (బెజవాడ)
కాగితం తీసుకో. ప్లాట్‌ఫారం లైన్లో మూడు కోచ్‌లకి 75. రెండు కొసల్లో ఫౌలింగ్ మార్క్ (పక్క లైను బండికి తగలకుండా ఆగాల్సిన గుర్తు) దాకా 8 చొప్పున 16. మీడియం పాయింట్లు రెండు, ఒక్కోటి 22, మొత్తం 44. ఇంజను విడిపడి ముందుకెళ్లి నిలబడే ముక్కకి 22. అంటే స్టేషన్ 157. బండి కనపడకుండా పోయి నిలబడే చోటు, ఫిడిల్ యార్డ్ అంటారే, అక్కడ మూడు కోచ్‌లూ ఇంజనూ కలిపి 97. మొత్తం 254. పట్టదు.

రెండు కోచ్‌లైతే స్టేషన్ 132, దాపుడు 72. మొత్తం 204. పడుతుంది, 9 మిగులుతుంది. మూడో కోచ్ పెట్టెలోనే ఉండాలి.

ఫిడిల్ యార్డ్‌ని రోడ్ ఓవర్ బ్రిడ్జి వెనక దాచు, దాని పైనుంచి ఒక ఆర్టీసీ బస్సు పోతుంటే ఎవరూ అవతలికి చూడరు. అక్కడ పాయింట్లు వేయకు. రెండు అల్యూమినియం యాంగిళ్ల మీద రైలు నిలబెట్టి క్యాసెట్‌లా మొత్తాన్ని ఎత్తి మార్చు. టైమ్‌సేవర్ అనే షంటింగ్ పజిల్ జోలికి మాత్రం వెళ్లకు. జాన్ అలెన్ దాన్ని పందెం ఆటగా చేశాడు, స్టేషన్‌గా కాదు. ఏ ఊళ్లోనూ అలాంటి యార్డు ఉండదు.

వాల్తేరు వాణి
మాస్టారి లెక్కకి ఎదురు లేదు. అయితే సాలూరు పేరు ఎత్తారు కాబట్టి: బొబ్బిలి-సాలూరు లైన్లో చాన్నాళ్లు రైల్‌బస్సే నడిచింది. దానికి ఇంజను తిప్పే పనే లేదు. ఒక్క లైను, ఒక చిన్న ప్లాట్‌ఫారం. లైను రెండు కొసల్లో కరెంటును ఒక వైపే పోనిచ్చే డయోడ్లు పెట్టి, ఆటో షటిల్ కంట్రోలర్ ఒకటి బిగిస్తే అదే వచ్చి ఆగి, కాసేపుండి వెనక్కి పోతుంది. పాప చూస్తూ కూర్చోవచ్చు. సాయికి కావలసింది కూడా ఇదే కదా, చేయి పెట్టకుండా నడిచే రైలు?

ఎవరూ అడగలేదు గానీ మా ఊరి అనుభవం ఒకటి. ఉప్పుగాలికి పట్టాలు నల్లబడతాయి, ఇత్తడివి అసలు వద్దు, నికెల్ సిల్వర్ తీసుకోండి. హైదరాబాద్‌లో ఉప్పు లేదు, దుమ్ము ఉంది. కిటికీ కింద అంటున్నారు, మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుందా? పడితే పట్టా ముక్కల మధ్య కొద్దిగా సందు వదలకపోతే మే నెలలో లైను పాములా వంకర తిరుగుతుంది.

శేరిలింగంపల్లి సాయి
షటిలంటే 2 మీటర్లు పోయి ఆగుడు, మళ్ల వచ్చుడు. రైలు స్పీడందుకునే లోపలే బ్రేక్ వెయ్యాలె. అక్కా, అది లిఫ్ట్ లెక్క ఉంటది. నా ఓటు లూపుకే, మారదు. ఎన్ నచ్చకుంటే అక్క చెప్పిన నారో గేజ్ లూపు కట్టు అన్నా, దానికైతే నేనొచ్చి సోల్డరింగ్ చేసిస్త.

ఎడిసన్ బాలాజీ
నేనూ ఒప్పుకోను. అద్దె ఇల్లు ఎప్పటికీ ఉండదు. స్టేషన్ కట్టేటప్పుడే దాన్ని రెండు ముక్కలుగా, ఒక్కోటి మూడున్నర అడుగులు, బోల్టులతో కలిసేలా కట్టుకో తమ్ముడూ. పాయింట్లు మాత్రం జాయింటు మీద పడకుండా చూసుకో. సొంత ఇంటికి వెళ్లాక ఆ రెండు ముక్కలే గోడ మీద లూపులో ఒక భాగం అవుతాయి. చెక్క 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లై, కింద ఫ్రేము తప్పనిసరి.

మియాపూర్ లోకో
కింద నేల మీద న్యూస్‌పేపర్లు అంటించి, పాయింట్ల ఫొటోకాపీలు కత్తిరించి పరిచాను. రెండు కోచ్‌ల స్టేషనే కడుతున్నాను. బాలాజీ అన్న చెప్పినట్టు రెండు ముక్కలుగా. పాపని అడిగితే ఇంజను విడిపించి అవతలికి తిప్పడం తనే చేస్తానంది, పాయింట్ లివర్ తనకి అందాలట. సాయి అన్నా, నారో గేజ్ లూపు తర్వాత ప్రాజెక్టు, సోల్డరింగ్ మాట గుర్తుంచుకుంటాను.

ఒక్క సందేహం మాస్టారూ. పరిచి చూస్తే 9 కాదు, 6 సెంటీమీటర్లే మిగిలింది. అమ్మ దివాన్ వైపు మడతబందులతో 30 సెంటీమీటర్ల పలక వేలాడదీసి, ఆడేటప్పుడు పైకి లేపితే మూడో కోచ్ వస్తుందా?

యార్డ్ మాస్టారు (బెజవాడ)
రాదు. మూడింటికి 254 కావాలి, 30 కలిపినా 243 అవుతుంది. ఇంకా 11 తక్కువ. పలక 45 పెట్టు, లేదా చిన్న పాయింట్లు వాడి 7 కలిసిరానిచ్చి పలక 38 పెట్టు. ముందు కొలత చూసుకో: 3 సెంటీమీటర్లు ఎక్కడ పోయాయి? పాయింట్ ఫొటోకాపీలు అసలు సైజులోనే వచ్చాయా, ప్రింటర్ కుదించిందా పెంచిందా? స్కేలు పెట్టి చూడు, మీడియం పాయింట్ 21.9 ఉండాలి.