జర్మనీ యుద్ధం మొదలైనప్పుడు మన కడప పొలాల్లో మళ్ళీ నీలి (రంగు తీసే చెట్టు) ఎందుకు వేసినారు?

గట్టుమీద_తొట్టి (కడప)

అందరికీ నమస్తే. మాది జమ్మలమడుగు పక్క పల్లె, ఇప్పుడు కడపలో రూం తీసుకొని గ్రూప్స్‌కి చదువుతాండా. పోయిన వారం ఊరికి పోయింటి. మా చేను గట్టున పాత తొట్టి ఒకటి ఉంటాది, సగం పూడిపోయి లోపల కంపచెట్లు మొలిచి. మా చిన్నాయన జేసీబీ పెట్టి తీసేద్దాం, ఇంకో రెండు సాళ్ళు కలిసొస్తాయి అన్నాడు. మా జేజి ఒప్పుకోలా. "అది నీలి తొట్టిరా, మీ ముత్తాత కాలంలోనే పాడుపడిపోయింటే జర్మనీ వోని కొట్లాట వచ్చినేడు మళ్ళా కడిగించి నీలి వేసిరంట" అనింది. వాళ్ళ అత్త చెప్తే విన్నదంట.

జర్మనీ వోని కొట్లాట అంటే 1914దే కదా. నా నోట్సులో దాని గురించి నాలుగు లైన్లు ఉండాది, ఆస్ట్రియా యువరాజును చంపినారు, కూటములు ఉండె, అందరూ దిగినారు, ప్రపంచ యుద్ధం, అయిపోయింది. రెండు డౌట్లు. ఒకటి, ఒక్క మనిషిని చంపితే ఇన్ని దేశాలు ఎట్ల దిగుతాయి? రెండోది, యాడో యూరప్‌లో కొట్టుకుంటే మా చేన్లో నీలి ఎందుకు వేసినట్టు? జేజి కథ నిజమేనా లేక తొట్టి కాపాడుకోను చెప్పిందా?

గుత్తికోట_నీడ (అనంతపురం)

మొదటిది సింపుల్ బ్రో, మన పక్క ఊర్లో ఎట్లో అట్లే. వీని మనిషిని వాడు ఏసేసినాడు, వీని వెనక ఒక పెద్ద రెడ్డి, వాని వెనక ఇంకో పెద్ద రెడ్డి, ఇద్దరికీ జీపులు ఉండె 😄 రెండోది నాకు తెల్దు, నీలి అంటే గుడ్డలకు పెట్టే ఉజాలా ఒక్కటే తెలుసు.

రిటైరైన_చాక్‌పీస్ (కర్నూలు)

నాయనా గుత్తికోటా, సీమ అంటే ఫ్యాక్షన్ అని బయటోళ్ళు అనేది చాలదా, మనం కూడా ఎందుకు. అదట్లా ఉండనీ, ఆ పోలికలో అసలు ఇబ్బంది ఏందంటే అంతా దానంతటదే జరిగిపోయినట్టు ఉంటుంది, కోచింగ్ నోట్సులో "కూటములు" అనే మాట కూడా అదే పని చేస్తుంది. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినా, నేను కూడా మొదట్లో అట్లే చెప్పినా, తప్పు నాదే.

తేదీలు చూడండి. బోస్నియాలో సరాయెవో ఊర్లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాన్జ్ ఫెర్డినాండ్‌ను, ఆయన భార్య సోఫీని కాల్చింది 1914 జూన్ 28. కాల్చిన గవ్రిలో ప్రిన్సిప్ సెర్బు పిల్లోడు, 19 ఏళ్ళు, వాని వెనక సెర్బియా ఉందని ఆస్ట్రియా అనింది. ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది జూలై 28. నడుమ సరిగ్గా నెల. కోపంతో చేసే పనికి నెల పడుతుందా? జూలై 5న జర్మనీ చక్రవర్తి కైజర్ "మీరేం చేసినా మీ వెనక మేముంటాం" అని ఆస్ట్రియాకు మాటిచ్చేశాడు, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టినట్టు. మాట చేతికొచ్చినా ఆస్ట్రియా వెంటనే కదల్లేదు, ఎందుకంటే సిపాయిల్లో చాలామంది కోతల సెలవు మీద ఊర్లకు పోయినారు! రైతుబిడ్డలు కదా. పైగా ఫ్రాన్సు ప్రెసిడెంటు రష్యా పర్యటనలో ఉన్నాడు, ఇద్దరూ ఒకచోట ఉన్నప్పుడు బెదిరిస్తే అక్కడికక్కడే మాట్లాడేసుకుంటారని, ఆయన ఓడెక్కే దాకా ఆగి జూలై 23 సాయంత్రం సెర్బియాకు డిమాండ్ల కాగితం పంపినారు, 48 గంటల గడువుతో. సెర్బియా దాదాపు అన్నిటికీ తలూపింది, మా దేశంలోకి వచ్చి మీ అధికార్లు విచారణ చేస్తామంటే మాత్రం కుదరదు అనింది. ఆ జవాబు చదివి కైజరే ఇంక యుద్ధానికి కారణం లేదే అని రాసుకున్నాడు. అదే రోజు ఆస్ట్రియా టెలిగ్రాం కొట్టి యుద్ధం ప్రకటించేసింది. ఆపడానికి ఇన్ని చోట్ల వీలుండి కూడా ఎవరూ ఆపలేదు, నన్నడిగితే అక్కడుంది కథ అంతా.

ఇంకా వింత చెప్తా వినండి. కైజర్ విల్‌హెల్మ్ ఇంగ్లండు రాజు ఐదో జార్జికి సొంత మేనత్త కొడుకు, అంటే మన వరసలో బావ. రష్యా జార్ నికొలస్ తల్లీ జార్జి తల్లీ అక్కచెల్లెళ్ళు. ఆ నికొలస్ పెండ్లాం మళ్ళీ కైజర్‌కు చిన్నమ్మ కూతురు. పెండ్లిపత్రికలో వేసుకునే పేర్లు ఇవన్నీ! జూలై ఆఖర్లో కైజరూ జారూ ఒకరికొకరు విలీ, నికీ అని ముద్దుపేర్లతో టెలిగ్రాములు ఇచ్చుకున్నారు, నువ్వాపు అంటే నువ్వాపు అని. సెర్బియా వైపు నిలబడ్డ జార్ 29న తన సైన్యం మొత్తాన్ని కూడదీసే ఆర్డరు ఇచ్చి, ఆ రాత్రే వెనక్కి తీసుకొని, మర్నాడు మళ్ళీ ఇచ్చాడు.

ఇక్కడి నుంచి రైళ్ళ కథ. అప్పట్లో లక్షల మందిని సరిహద్దుకు చేర్చాలంటే రైలు తప్ప దారి లేదు, ఏ బండి ఏ గంటకు ఏ స్టేషను దాటాలో జర్మనీ వాళ్ళు ఏళ్ళ ముందే రాసి పెట్టుకున్నారు. వాళ్ళ ప్లాను ఏమంటే రష్యా లేచి చొక్కా తొడుక్కునే లోపల బెల్జియం మీదుగా పోయి రష్యా జతగాడు ఫ్రాన్సును పడగొట్టి వెనక్కి రావడం. ఆగస్టు 1న కైజర్‌కు ఒక్క పూట ఆశ పుట్టింది, ఫ్రాన్సును వదిలి రష్యా ఒక్కదాని మీదికే పోదామా అని. సేనాపతి మోల్ట్‌కే, కుదరదు దొరా, ఇన్ని లక్షల మందిని ఇప్పుడు అటు తిప్పితే అది సైన్యం కాదు గుంపు అవుతుంది అన్నాడు. ఆగస్టు 3న ఫ్రాన్సు మీద ప్రకటన, 4న బెల్జియంలోకి అడుగు. 1839లో బెల్జియానికి ఇచ్చిన మాట ఉందని బ్రిటన్ అదే రాత్రి దిగింది. ఫ్రాన్సుతో బ్రిటన్‌కు నువ్వు దిగితే నేను దిగాల్సిందే అనే రాతకోతలు లేవు, అది గుర్తుపెట్టుకో. ఇటలీ అయితే జర్మనీ కూటమిలో ఉండి కూడా మేం రాము అని కూర్చుంది, మర్సటేడు అవతలి పక్క చేరింది. కూటమే కారణమైతే ఇటలీ మొదటి రోజే దిగాల. పరీక్షలో నాలుగు లైన్లే రాయి, మార్కులు దానికే వేస్తారు, కానీ మనసులో ఇది పెట్టుకో.

మీమ్స్_మామ (నంద్యాల)

సార్ సూపర్. ప్రిన్సిప్ సాండ్‌విచ్ తింటుంటే కారు ఎదురుగా వచ్చి ఆగిందంట కదా, రీల్‌లో చూసినా

రిటైరైన_చాక్‌పీస్ (కర్నూలు)

సాండ్‌విచ్ ఈ మధ్య పుట్టిన కథ నాయనా. కారు ఆగింది మాత్రం నిజం. పొద్దున ఒకడు బాంబు వేస్తే తప్పిపోయింది, గాయపడినోళ్ళను చూడను ఆస్పత్రికి పోదామని దారి మార్చుకున్నారు, ఆ మాట డ్రైవరుకు ఎవరూ చెప్పలేదు. పాత దారిలోకే తిప్పి, తప్పని అరిస్తే బ్రేకు వేసినాడు, ప్రిన్సిప్ అక్కడే నిలబడి ఉన్నాడు.

మాజీ_జవాన్ (ఆదోని)

సార్ చెప్పింది మొదలుపెట్టేదాకా, దాని తర్వాత నాలుగు నెలలు నేను చెప్తా. నేను బెంగుళూరు మద్రాస్ సాపర్స్‌లో పదిహేడేళ్ళు చేసినా, మాకు ఇవన్నీ చెప్పేటోళ్ళు.

అందరూ ఆకు రాలే లోపల ఇంటికి వస్తాం అనుకునే పోయినారు. ఫ్రెంచోళ్ళు 1914లో కూడా ఎర్ర ప్యాంట్లు వేసుకొని యుద్ధానికి పోయినారండి, నిజంగా ఎర్రవి, మిషన్ గన్ ముందర! ఆగస్టు 22 ఒక్క దినం ఫ్రాన్సుకు 27 వేల మంది చచ్చిపోయినారు, ఒక్క దినం. జర్మనీ బెల్జియంలో లియేజ్ కోటలను 420 మిల్లీమీటర్ల ఫిరంగులతో పగలగొట్టి, ఆగస్టు 20కి బ్రస్సెల్స్‌లో ఉండె. సెప్టెంబరు మొదట్లో పారిస్ దగ్గర దగ్గరికి వచ్చేసినారు. ఈలోగా రష్యా అనుకున్నదానికంటే ముందే తూర్పు వైపు దిగేసరికి జర్మనీ భయపడి రెండు కోర్‌లను (పెద్ద సైన్య దళాలను) ఇక్కడి నుంచి అక్కడికి పంపింది, ఆ పంపినోళ్ళు రైల్లో ఉండంగానే టానెన్‌బెర్గ్‌లో రష్యా సైన్యం చుట్టుముట్టబడి నాశనమైపోయింది, అంటే పంపింది దండగ, ఇక్కడ కావల్సినప్పుడు లేరు. మార్న్ నది దగ్గర సెప్టెంబరు 6 నుంచి ఫ్రాన్సు, బ్రిటన్ తిరగబడినాయి. పారిస్ టాక్సీలు ఓ ఆరు వందలు సిపాయిలను మోసినాయి, అందరూ అదే చెప్తారు గానీ మోసింది కొన్ని వేల మందినే, అసలు పని రైళ్ళదే. జర్మనీ వెనక్కి పోయి ఎయిన్ నది గట్టున గుంతలు తవ్వుకొని కూర్చుంది, వీళ్ళూ ఎదురుగా తవ్వినారు, ఒకరి పక్క నుంచి ఒకరు చుట్టి పోదామని తవ్వుకుంటా తవ్వుకుంటా సముద్రం దాకా పోయినారు. నవంబరుకు స్విట్జర్లాండ్ నుంచి సముద్రం దాకా ఒకటే గీత, ఏడు వందల కిలోమీటర్లు, ఇంక మూడేండ్లకు పైన దాదాపు కదల్లే.

మనోళ్ళు యాడ అంటారా. లాహోరు డివిజన్ సెప్టెంబరు ఆఖర్లో, మీరట్ డివిజన్ అక్టోబరులో ఫ్రాన్సు రేవు మార్సెయ్‌లో దిగినాయి, కొందరు ఎండాకాలపు గుడ్డలతోనే ఆ చలిలో పోయినారు. అక్టోబరు 31న బెల్జియంలో హోలెబెక్ దగ్గర తనతో ఉండే గన్ టీం అంతా చచ్చిపోయినా ఖుదాదాద్ ఖాన్ గన్ వదల్లా, భారత సైన్యంలో సిపాయికి వచ్చిన మొదటి విక్టోరియా క్రాస్ (బ్రిటన్ అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం) ఆయనది. మన మద్రాసోళ్ళను మాత్రం తెల్లోడు "యుద్ధజాతులు" కాదని అప్పటికే రిక్రూట్‌మెంట్ తగ్గించేసింటె, దాని గురించి మాట్లాడితే నాకు బీపీ. పాళంకోట పల్టన్ మటుకు నవంబరులో తూర్పాఫ్రికాకు పోయింది, టాంగా అని రేవు, ఎనిమిది వేల మంది పోయి వెయ్యి మంది చేతిలో ఓడిపోయి వచ్చినారు. తుపాకుల మోతకు తేనెటీగలు లేచి కుట్టినాయి, జర్మనీ వోడు తేనెటీగలకు ట్రైనింగ్ ఇచ్చినాడని పుకారు కూడా లేచింది. అవి వాళ్ళనూ కుట్టినాయి లేండి.

బజారువీధి_బట్టలంగడి (ప్రొద్దుటూరు)

ఇన్ని చెప్పినారు గానీ ఆ పిల్లోడు అడిగిన తొట్టి సంగతి ఎవరూ ముట్టుకోలా. మాది నాలుగు తరాల నుంచి గుడ్డల వ్యాపారం, ఇది నాకు తెలుసు.

మీ జేజి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కడప జిల్లా నీలిమందుకు పేరు, మద్రాసు రాష్ట్రంలో నీలి ఎక్కువగా పండే జిల్లాల్లో ఒకటి. 1897లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ ఫ్యాక్టరీలో చేసిన నీలి రంగును అమ్మను మొదలుపెట్టింది. చెట్టు లేదు, చేను లేదు, డబ్బాలో పొడి. అంతే, మనోళ్ళ నీలి పడిపోయింది. దేశం మొత్తం మీద 1890ల్లో 16 లక్షల ఎకరాల దాకా ఉండే నీలి 1914కు లక్షన్నర ఎకరాలకు వచ్చింది. మీ ముత్తాత కాలంలో తొట్టి పాడుపడింది అందుకే, ఆయన సోమరితనం కాదు.

ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీ శత్రువులైనారు, మర్నాటి నుంచి జర్మనీ రంగు రాదు. నీలి ఒక్కటే కాదు, బ్రిటన్ మిల్లులు వాడే రంగుల్లో చాలావరకు జర్మనీవే, యుద్ధానికి పోయే సిపాయి గుడ్డలకు వేసే రంగుతో సహా! ధరలు నెత్తికెక్కినాయి. చెట్టు నీలి వైపు మళ్ళా చూసినారు. రెండేండ్లలో దేశంలో నీలి సాగు కొన్ని రెట్లు పెరిగింది. యుద్ధం అయిపోయినాక డబ్బా రంగు మళ్ళా వచ్చింది, ఈసారి చెట్టు నీలి దాదాపు మొత్తం పోయింది. పత్తోళ్ళకు మాత్రం అదే యుద్ధం ఎదురు తన్నింది, 1914 చివర్లో లివర్‌పూల్‌లో కొనేటోడు లేక పత్తి ధర పడిపోయింది, మీ నంద్యాల పక్కోళ్ళను అడుగు. ఒకే కొట్లాట, గట్టుకీ పక్క పండగ, ఆ పక్క కన్నీళ్ళు.

ఒకటి చూసి చెప్పు. నీలి తొట్లు ఎప్పుడూ జతగా ఉంటాయి, ఒకటి మిట్టన, ఒకటి పల్లాన. మిట్ట తొట్టిలో ఆకు నానబెట్టి, ఆ నీళ్ళు పల్లపు తొట్టిలోకి వదిలి కట్టెలతో గంటలకొద్దీ బాదేటోళ్ళు, గాలి తగిలి పచ్చనీళ్ళు నీలంగా తిరిగి మడ్డి అడుక్కు దిగుతుంది, దాన్ని ఉడకబెట్టి, పిండి, ముక్కలు కోసి ఆరబెడితే నీలిమందు. మీ తొట్టి అడుగున పల్లం వైపు బెజ్జం ఉంటే నీలి తొట్టే, లేకుంటే గొడ్లకు నీళ్ళు పెట్టే తొట్టి, మీ చిన్నాయన్ని తీసెయ్యమను.

కోడూరు_మామిడి (రైల్వే కోడూరు)

మా ఇంట్లో కూడా జర్మనీ కథ ఒకటుంది. మా అమ్మ వాళ్ళ తాత మద్రాసులో ఒక షావుకారు దగ్గర గుమాస్తా, 1914 సెప్టెంబరు 22 రాత్రి ఆయన అక్కడే ఉండె. ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక రేవు ముందుకొచ్చి ఓ నూటముప్పై గుండ్లు పేల్చింది, బర్మా ఆయిల్ కంపెనీ నూనె ట్యాంకులు అంటుకొని ఆకాశమంతా ఎర్రగా అయ్యిందంట. మర్నాడు స్టేషన్‌లో కాలుపెట్టను సందులేదు, ఊరు ఊరే పెట్టెలు పట్టుకొని వచ్చేసింది, తాత రేణిగుంట దాకా నిలబడి వచ్చినాడంట. వచ్చి ఊర్లో చెప్తే, సముద్రంలో ఓడ ఉండి ఊర్లో మంట ఎట్ల పెడుతుందిరా, తాగినావా అన్నారంట 😂 ఆ ఓడను నవంబరు 9న కోకోస్ దీవుల కాడ ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ పడగొట్టింది. తమిళోళ్ళు ఇప్పటికీ గడుసోణ్ణి ఎమ్డన్ అంటారు.

రిటైరైన_చాక్‌పీస్ (కర్నూలు)

కోడూరూ, ఆ వార్తలు మనోళ్ళకు తెలుగులో ఏ రోజువి ఆ రోజు చదివే వీలు అప్పుడే వచ్చింది చూడు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆంధ్రపత్రికను మద్రాసులో దినపత్రికగా మొదలుపెట్టింది 1914 ఏప్రిల్ 1న, యుద్ధానికి నాలుగు నెలల ముందు.

గట్టుమీద_తొట్టి (కడప)

అందరికీ థాంక్స్, చాక్‌పీస్ సార్‌కు స్పెషల్‌గా. ఆదివారం ఊరికి పోయి ఇద్దరు కూలోళ్ళను పెట్టి మట్టి తీయించినా. అడుగున పల్లం వైపు పిడికిలంత బెజ్జం ఉండాది, లోపల గుడ్డపీలిక కుక్కి, పైన గచ్చు మెత్తి. పల్లపు తొట్టి మాత్రం మా హద్దు దాటి పక్క చేన్లో కంప కింద ఉండాది, ఒక్క గోడే మిగిలింది. చిన్నాయనకు బట్టలంగడి అన్న మెసేజ్ చదివి వినిపించినా. ఆయన తొట్టి చుట్టూ ఒక రౌండ్ తిరిగి, "సరేలే, జేసీబీ వోనికి వద్దని ఫోన్ చెయ్యి, అడ్వాన్స్ ఐదొందలు మాత్రం నువ్వే ఇప్పించుకోవాల" అన్నాడు.