అంతా రాగే అయినప్పుడు గ్రెయిన్లను పెంచే డిఫ్యూజన్ ఎక్కడిది?

రాగిరేకు: రోలింగ్ చేసిన శుద్ధ రాగి రేకు ముక్కలను, మందం 50 మైక్రాన్లు, అద్దంలా పాలిష్ చేసి ఆర్గాన్‌లో 650 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచాను. గంట తర్వాత గ్రెయిన్ (లోహంలోని ఒక్కో చిన్న స్ఫటికం) సగటు వ్యాసం 40 మైక్రాన్లు, నాలుగు గంటల తర్వాత 55. వ్యాసం వర్గం కాలంతో పాటు పెరుగుతుందంటారు కదా, ఆ లెక్కన 80 దగ్గరికి రావాలి. అంతకన్నా పెద్ద సందేహం మరొకటి ఉంది. గాఢత ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోవడమే డిఫ్యూజన్ అని చదువుకున్నాం. మరి అంతా రాగే అయితే పరమాణువు ఎటు పోవాలి, ఎందుకు పోవాలి?

లోహాల మాస్టారు: రెండో సందేహం తేలితేనే మొదటిది తేలుతుంది. పరమాణువును నడిపించేది శక్తి తేడా. గాఢత తేడా దానికి ఒక రూపం మాత్రమే. చిన్న గ్రెయిన్ సరిహద్దు బయటికి ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు మీద కూర్చున్న పరమాణువుకు సొంత గ్రెయిన్‌లో ఇరుగుపొరుగు తక్కువ, ఎదుటి పెద్ద గ్రెయిన్‌లో ఎక్కువ. గెంతులు రెండు వైపులా పడుతూనే ఉంటాయి, కానీ పెద్దదానిలోకి పడేవి కాస్త ఎక్కువ. ఒక్కో గెంతు నానోమీటరు కూడా ఉండదు. పరమాణువు అటు గెంతితే సరిహద్దు ఇటు, చిన్నదాని నడిబొడ్డు వైపు జరుగుతుంది. అలా జరిగి జరిగి చిన్నది మాయమవుతుంది.

గెంతడానికి దాటాల్సిన శక్తి అడ్డంకి ఉంది కాబట్టే వేడి ప్రభావం అంత ఎక్కువ. అది మోలుకు 120 కిలోజౌళ్లు అనుకుంటే, 650 నుంచి 750కి పెంచగానే వేగం దాదాపు నాలుగున్నర రెట్లవుతుంది. ఇంతకీ ఒక మాట చెప్పండి: ఎచింగ్ (సరిహద్దులు కనిపించేలా రసాయనంతో పైపొరను కాస్త తినిపించడం) చేయకముందే మైక్రోస్కోపులో సరిహద్దులు కనిపించాయా?

కొలిమి దగ్గర: నేను ఉక్కు హీట్ ట్రీట్‌మెంట్‌లో ఉంటాను. మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. సరిహద్దును పట్టి ఆపేవి కూడా ఉంటాయి. ఉక్కులో సన్నని అల్యూమినియం నైట్రైడ్ రేణువులు ఆ పని చేస్తాయి. వేడి మరీ ఎక్కువైతే కొన్ని రేణువులు ఉక్కులో కరిగిపోతాయి, మిగిలినవి ముతకబారతాయి. పట్టు వదిలిన చోట ఒకటి రెండు గ్రెయిన్లు పక్కవాటిని మింగేస్తాయి. ఒకసారి కొలిమి వేడి గీత దాటిన బ్యాచ్‌లో ఒక ముక్కను విరిచి చూశాను. విరిగిన ముఖం మీద పట్టు లాంటి నునుపుకు బదులు చక్కెర పలుకుల్లా మెరుపులు. ఆ ముఖం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. రేణువులు ముతకబారడానికి అల్యూమినియం పరమాణువులు ఇనుములో చాలా దూరం ప్రయాణించాలి. మీరు చదువుకున్న గాఢత తేడా డిఫ్యూజన్ అక్కడ కనిపిస్తుంది.

రాగిరేకు: కనిపించాయి మాస్టారూ! కొలిమిలోంచి తీయగానే సన్నని నల్లగీతలు. మురికి అనుకుని మళ్లీ పాలిష్ చేసేశాను.

లోహాల మాస్టారు: అయ్యో, అవే మీ జవాబు. సరిహద్దు పైకి తేలిన చోట పరమాణువులు ఉపరితలం మీదుగా పక్కకు జరిగి గాడి తవ్వుతాయి. అదీ డిఫ్యూజనే, కానీ ఇక్కడ గ్రెయిన్ పెరుగుదలకు అడ్డం. గ్రెయిన్ రేకు మందమంత అయ్యేసరికి సరిహద్దులు పైనా కిందా ఆ గాడుల్లో ఇరుక్కుంటాయి. మీ 55, రేకు 50 పక్కపక్కన పెట్టి చూడండి. మలినాలు సరిహద్దులను వెనక్కి లాగడం కూడా కొంత ఉండవచ్చు. అదే రాగిని ఒక మిల్లీమీటరు మందంలో తీసుకుని, అదే వేడిలో గంట, నాలుగు గంటలు ఉంచి, మధ్యకు కోసి కొలవండి. ఈసారి గాడులను చెరపకముందే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.