1967 నాటి ఫియట్: వింటేజ్ రిజిస్ట్రేషనా, మామూలు రెన్యూవలా?

ప్రశ్న:
మా నాన్నగారు 1967లో విజయవాడలో కొత్తగా కొని రిజిస్టర్ చేయించిన ఫియట్ 1100 మా దగ్గరే ఉంది. ఇంజను, చాసిస్, బాడీ మూడూ అసలువే. ఆర్‌సీ గడువు మాత్రం రెండేళ్ల క్రితం తీరిపోయింది. ఇరవై వేలు కట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే పదేళ్లపాటు చింత ఉండదని ఒక ఏజెంటు అంటున్నారు. ఆదివారాలు ఊళ్లో తిరగడానికి, అప్పుడప్పుడు గుడివాడలోని బంధువుల ఇంటికి వెళ్లిరావడానికే మాకు ఈ కారు. ఏ దారి మేలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
ఏజెంటు చెప్పిన అంకెలు సరైనవే గాని, అసలు సంగతి ఆయన దాటవేశారు. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో చేర్చిన నియమాల ప్రకారం, యాభై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కాని ఆ తరువాత దానిని ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతులకు తప్ప మామూలు ప్రయాణాలకు రోడ్డెక్కించకూడదు. గుడివాడ ప్రయాణం వీటిలో దేని కిందికీ రాదు. పాత నంబరు పోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. ‘వీఏ’ అక్షరాల కొత్త నంబరు ఇంతకుముందు నమోదు కాని బండ్లకే ఇస్తారు. మీ అవసరానికి మామూలు రెన్యూవలే సరైనదని నా అభిప్రాయం.

సమాధానం 2:
నాదీ అదే మాట. అయితే రెన్యూవల్ చవక అనుకోకండి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు రుసుము 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెరిగింది, అదీ అయిదేళ్లకే. గడువు దాటిన ప్రతి నెలకూ మరో 500 చొప్పున కట్టాలి. పాత బండ్ల కాలుష్యం పేరిట రాష్ట్రం వసూలు చేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, పాత పన్ను రసీదులు ముందే సిద్ధం చేసుకుని, ఫారం 25తో దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. రెన్యూవల్ తనిఖీలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ముఖ్యంగా ఏమి చూస్తారు?

సమాధానం 3:
అన్నిటికంటే ముందు చాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. పాత కార్లకు రెండు మూడు సార్లు పెయింటు వేయించి ఉంటారు కనుక చాసిస్ అంకెలు పూడిపోతాయి. అక్కడ ఉప్పుకాగితంతో రుద్దారంటే అంకె అరిగి లేనిపోని అనుమానాలు వస్తాయి. థిన్నరులో తడిపిన గుడ్డతో నెమ్మదిగా తుడిచి, అంకెల మీద కాగితం పెట్టి తీసే పెన్సిల్ అచ్చు స్పష్టంగా పడేలా చూసుకోండి. ఆ తరువాత బ్రేకులు, హ్యాండ్ బ్రేకు, టైర్లు, హారను, వైపర్లు, లైట్లు. ఈ ఫియట్‌లో ఉండేది ఇంజను వేగాన్ని బట్టి కరెంటు ఇచ్చే డైనమో కనుక ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు హెడ్‌లైట్లు మసకబారుతాయి. పరీక్ష సమయంలో యాక్సిలరేటరు కాస్త తొక్కి ఉంచండి. ఒక్క జాగ్రత్త: ఆర్‌సీ గడువు తీరిన కారును ఆర్‌టీఓ కార్యాలయానికి నడుపుకుంటూ వెళ్లకుండా, టోయింగ్ బండి మీద తీసుకెళ్లండి.